టీసీ అడిగినట్టు మీ దగ్గర కాగితం ఉందా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా కోసిగి మండలం. ఎకరంన్నర మెట్ట. ఏటా ఇక్కడి పనులు అయిపోగానే సుగ్గికి పల్నాడు పోతాం, మిర్చి కోతలకు. పోయిన డిసెంబరులో ఇంటి దగ్గర చూసేవాళ్లు లేక పిల్లల్ని కూడా తీసుకుపోయాం. పాపకు 12 ఏళ్లు, ఆరో తరగతి. అక్కడి ప్రభుత్వ బడికి తీసుకుపోతే టీసీ లేదని చేర్చుకోలేదు. ఆన్‌లైన్‌లో పేరు ఇంకా మా ఊరి బడిలోనే చూపిస్తోంది, అక్కడ తీసేస్తేనే ఇక్కడ ఎక్కుతుందన్నారు. మా ఊరి సార్‌కు ఫోన్ చేస్తే మధ్యలో టీసీ తీసుకుంటే పథకం డబ్బు పోతుందన్నారు. సరే, పేరు అట్లనే ఉండనీయండి అన్నాం. నాలుగు నెలలు పాప కల్లం దగ్గర తమ్ముణ్ణి ఆడించుకుంటూ కూర్చుంది. జూన్‌లో మా ఊరి బడికి పోతే, హాజరు లేదు, పేరు తీసేశాం, మళ్లీ ఆరులోనే కూర్చోవాలి అని అందరి ముందూ అన్నారు. పాప రెండు రోజులు అన్నం తినలేదు. బాబు 2024 ఫిబ్రవరిలో పల్నాడులోనే ప్రభుత్వాసుపత్రిలో పుట్టాడు. పుట్టిన సర్టిఫికెట్ తీసుకోలేదు. టీకాల కార్డు మమ్మల్ని కూలికి తీసుకుపోయే మేస్త్రి దగ్గర ఉండిపోయింది, ఫోన్ ఎత్తడు. ఇక్కడ ఏఎన్ఎంను అడిగితే మా నంబరు మీద ఏమీ కనిపించడం లేదన్నారు. ఒక ఏజెంటు మూడు వేలిస్తే పాప పల్నాడులో ఆరు చదివినట్టు టీసీ, బాబు ఇంట్లోనే పుట్టినట్టు సర్టిఫికెట్ రెండూ తెస్తానంటున్నాడు. హెడ్‌మాస్టర్ మీద కేసు వేసి పరిహారం అడగవచ్చా? మా తమ్ముడితో రాయిస్తున్నాను. పేరు వేయకండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ముప్పావు వంతు అవమానం గురించే ఉంది. దాన్ని పక్కన పెట్టి, మీ తమ్ముడు ఒక్క ముక్కలో రాసి దాటేసిన వాక్యం దగ్గర నేను ఆగాను. "సరే, పేరు అట్లనే ఉండనీయండి అన్నాం." మీ కేసు మొత్తం ఈ వాక్యం దగ్గరే తేలుతుంది. రేపు మీరు హెడ్‌మాస్టర్ మీద ఎక్కడికి వెళ్లినా ఆయన చెప్పేది ఒకటే: "వాళ్లు టీసీ అడగలేదు, పేరు ఉంచమన్నది వాళ్లే." దానికి ఎదురుగా మీ దగ్గర ఏముంది? ఫోన్ కాల్. కాల్ లిస్టులో కాల్ వెళ్లినట్టు, ఎన్ని నిమిషాలు మాట్లాడారో ఉంటుంది. ఏం మాట్లాడారో ఉండదు.

చట్టం మాత్రం మీ పాప వైపే ఉంది, గట్టిగా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం ఏ కారణంతోనైనా సరే, రాష్ట్రంలో అయినా రాష్ట్రం దాటి అయినా, పిల్ల బడి మారాల్సి వస్తే ప్రభుత్వ బడికో ఎయిడెడ్ బడికో మారే హక్కు ఉంది. పాత బడి హెడ్‌మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి. ఆలస్యం చేస్తే ఆయన మీద శాఖాపరమైన చర్య తీసుకోవచ్చని అదే సెక్షన్‌లో ఉంది. మీకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చే మాట కూడా అక్కడే ఉంది: టీసీ రావడం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు, నిరాకరించకూడదు. సెక్షన్ 9లో వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థదే అని వాళ్ల పేరెత్తి మరీ రాశారు.

కాబట్టి పల్నాడు బడి చేసింది తప్పు. ఆన్‌లైన్‌లో పేరు ఎక్కదన్నది నిజమైన ఇబ్బందే, కాదనను. బడుల ఆన్‌లైన్ రికార్డు అయిన యూడైస్ ప్లస్‌లో పిల్లకు ఒకే పెన్ నంబరు (శాశ్వత విద్యా సంఖ్య) ఉంటుంది. పాత బడి పేరు వదిలితే అది డ్రాప్‌బాక్స్ అనే జాబితాలోకి వెళ్తుంది, కొత్త బడి అక్కడి నుంచి తీసుకుంటుంది. పాత బడి వదలనంతకాలం కొత్త బడి కంప్యూటరులో పిల్ల కనిపించదు. కానీ అది రెండు బడులూ వాళ్ల పై ఆఫీసూ తేల్చుకోవాల్సిన పని. ముందు అడ్మిషన్ రిజిస్టరులో పేరు రాసుకుని పిల్లను తరగతిలో కూర్చోబెట్టాలి, కంప్యూటరు సంగతి ఆ తర్వాత. పిల్లను గేటు బయట నిలబెట్టి కంప్యూటరు కోసం ఎదురుచూడమని ఏ చట్టమూ చెప్పలేదు.

ఇంత చట్టం ఉండి కూడా మీకు పనికిరాకుండా పోయింది ఎందుకు? రెండు బడుల్లో ఒక్క చోట కూడా మీరు దరఖాస్తు రాసి ఇవ్వలేదు. ఇచ్చి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ, సంతకం వేయించుకోలేదు. మీకు రాయడం రాదు, సరే. ఈ ఉత్తరం రాసిన తమ్ముడు డిసెంబరులో కూడా ఉన్నాడు కదా? పదిహేను వేల పథకం డబ్బు పోతుందన్న భయంతో పాప పేరు ఒక ఊరి రిజిస్టరులో, పాప ఇంకో ఊరి కల్లంలో ఉండేట్టు మీరే ఒప్పుకున్నారు. తల్లికి వందనం లాంటి పథకానికి 75 శాతం హాజరు చూస్తారని మీకూ తెలుసు, సార్‌కూ తెలుసు. నాలుగు నెలలు బడికి రాని పిల్లకు ఆ హాజరు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ మాట చేదుగా ఉంటుంది. నేను అడగకపోతే అవతలి వకీలు అడుగుతాడు.

అందుకే ఇప్పుడు మీకు కావలసిన మొదటి కాగితం హాజరు పట్టీ. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆరో తరగతి పట్టీలో మీ పాప పేరు ఎదురుగా ఏముంది? ప్రతి రోజూ ఆబ్సెంట్ వేసి ఉంటే, ఒక పిల్ల నెలల తరబడి రాకపోతే బడి ఏం చేసింది, ఎవరికి తెలియజేసింది అని అడగవచ్చు. హాజరు వేసి ఉంటే, "హాజరు లేదు కాబట్టి పేరు తీసేశాం" అన్న మాట అక్కడే అబద్ధమవుతుంది. కానీ అప్పుడు పథకం డబ్బు మీ ఖాతాలో పడిందా అన్న ప్రశ్న మీ మీదకూ వస్తుంది. పడి ఉంటే దాచకుండా మీ వకీలుకు ముందే చెప్పండి.

ఈ పట్టీ కాపీ, అడ్మిషన్ రిజిస్టరులో పాప పేరున్న పేజీ కాపీ, పేరు తీసేసినట్టు ఉత్తర్వు ఏదైనా ఉంటే దాని కాపీ ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. ఈ గడువు మర్చిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్లను వారానికి ఒకరినైనా చూస్తుంటాను. గోడ మీద క్యాలెండరులో ఆ తేదీకి సున్నా చుట్టండి. ప్రభుత్వ రిజిస్టరు నుంచి ధ్రువీకరించి ఇచ్చిన నకలుకు కోర్టులో విలువ ఉంటుంది. ఫోన్‌లో తీసుకున్న ఫొటోకు ఆ విలువ రావాలంటే 2023 సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద విడిగా సర్టిఫికెట్ పెట్టాలి, అది వేరే తలనొప్పి.

ఇక "మళ్లీ ఆరులో కూర్చోవాలి" అన్న మాట. దానికి ఒప్పుకోవద్దు. 2019లో సెక్షన్ 16 మార్చాక కూడా పరీక్ష తప్పితే అదే తరగతిలో ఉంచే వీలు 5, 8 తరగతులకే ఇచ్చారు. ఆరుకు ఆ నిబంధన లేదు. ప్రాథమిక విద్య, అంటే ఎనిమిది, పూర్తయ్యేదాకా పిల్లను బడి నుంచి తీసేయకూడదని కూడా అదే సెక్షన్ చెబుతోంది. పాప ఏడో తరగతిలోనే కూర్చోవాలి. నాలుగు నెలల పాఠాలు పోయిన మాట నిజమే. అందుకు ప్రత్యేక శిక్షణ ఇప్పించమని అడగండి. మధ్యలో చదువు ఆగిన పిల్లలకు వయసుకు తగిన తరగతిలోనే ఉంచి శిక్షణ ఇవ్వాలన్నది ఈ చట్టం ఆలోచన, సెక్షన్ 4 చూపించండి.

రేపే ఒక తెల్లకాగితం మీద ఇలా రాయించండి: "నా కూతురు, అడ్మిషన్ నంబరు ఫలానా, గత సంవత్సరం మీ బడిలో ఆరో తరగతి. కుటుంబం పని కోసం వలస వెళ్లినందున డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు హాజరు కాలేదు. జూన్ ఫలానా తేదీన బడికి వస్తే పేరు తీసేశామని, మళ్లీ ఆరులో కూర్చోవాలని నోటిమాటగా చెప్పారు. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 4, 16 ప్రకారం ఏడో తరగతిలో కొనసాగించి, ఆన్‌లైన్ రికార్డు సరిచేసి, కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వగలరు." కోపం మాటలు ఒక్కటి కూడా వద్దు. హెడ్‌మాస్టర్‌కు ఇచ్చి, మండల విద్యాధికారికి (ఎంఈఓ) కాపీ ఇచ్చి, రెండు చోట్లా ముద్ర వేయించుకోండి. తీసుకోబోమని అంటే అదే కాగితం స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే సెక్షన్ 32 కింద స్థానిక సంస్థకు రాతపూర్వక ఫిర్యాదు. దాని మీద మీకూ మాట్లాడే అవకాశం ఇచ్చి మూడు నెలల్లో తేల్చాలి. తేల్చింది మీకు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు. దేనికీ కోర్టు ఫీజు లేదు.

పరిహారం అన్నారు. ప్రభుత్వ ఉద్యోగి డ్యూటీలో చేసిన పని మీద దావా వేయాలంటే ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. చట్టం కింద చేసిన పనికి పరిహారం అడిగే దావాకు గడువు ఏడాదే కావచ్చు, వేయాలంటే ఆలస్యం చేయకూడదు. కానీ ఆ దావా తేలేసరికి మీ పాప పదో తరగతి దాటిపోతుంది. పైగా "ఉండనీయండి" అన్న మీ మాట మొదటి వాయిదాలోనే బయటికొస్తుంది. ఈ దావా వేయమని నేను చెప్పను. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల కోసం. మీ పాపకు 12. మీరు భయపడాల్సిన గడువు ఆ రెండేళ్లే.

ఏజెంటు సంగతికి వస్తాను. ఆ మూడు వేలు ఇవ్వకండి. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే పోయిందనుకోండి, వెనక్కి అడగడానికి కూడా అతని దగ్గరికి వెళ్లొద్దు. ప్రభుత్వ బడి హెడ్‌మాస్టర్ సంతకంతో ఉన్నట్టు దొంగ టీసీ తయారు చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 337 కింద ఏడేళ్ల వరకు శిక్ష. దాన్ని నిజమైనదిగా వాడినవాళ్లకూ, అంటే మీకూ, సెక్షన్ 340 కింద అదే శిక్ష. ఏజెంటు సంతకం ఎక్కడా ఉండదు. అడ్మిషన్ ఫారం మీద మీ వేలిముద్ర ఉంటుంది. ఇంకో సంగతి. పల్నాడు బడి పాపను చేర్చుకోలేదన్నదే మీ ఫిర్యాదు. అక్కడ చదివినట్టు మీరే టీసీ చూపిస్తే ఆ ఫిర్యాదును మీ చేతులతో చంపేసినట్టు. పెన్ నంబరు ఆ బడిలో ఏ రోజూ లేదని కంప్యూటరు ఒక్క నిమిషంలో చెబుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసులో వలస వెళ్లిన తండ్రి కూతుర్ని ఒక ఊళ్లో ఒక పుట్టిన తేదీతో, ఇంకో ఊళ్లో మరో తేదీతో చేర్పించాడు. రెండూ అవసరానికి చెప్పిన తేదీలే. బడి రిజిస్టరులో తేదీ ఉన్నంత మాత్రాన సరిపోదని, ఆ తేదీ ఎవరు చెప్పారో, దేని ఆధారంగా రాశారో చూడాలని సుప్రీంకోర్టు 1988లోనే బిరద్‌మల్ సింఘ్వీ కేసులో అన్నది. ఆ అమ్మాయి ఉద్యోగం దాకా వచ్చాక రెండు తేదీలు ఎదురుపడ్డాయి. తండ్రి చనిపోయాడు, ఏ తేదీ నిజమో చెప్పే మనిషి లేడు. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మార్చనిస్తారు, ఆ అవకాశం అప్పటికే వాడేశారు. మీ పాపకు ఇప్పటిదాకా ఒకే తేదీ ఉంది. దాన్ని ఎవరినీ ముట్టుకోనీయకండి.

బాబు విషయంలో మీరు కంగారు పడాల్సినంత లేదు, నిర్లక్ష్యం చేయాల్సినంత తక్కువా కాదు. ప్రభుత్వాసుపత్రిలో పుట్టిన బిడ్డ సంగతి రిజిస్ట్రారుకు తెలియజేయడం ఆసుపత్రి బాధ్యత, మీది కాదు. 1969 జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 8 ఆ మాటే చెబుతుంది. కాబట్టి బాబు జననం పల్నాడులో ఇప్పటికే రిజిస్టరై ఉండే అవకాశమే ఎక్కువ. బాబు పేరు లేకుండా "మగ శిశువు" అని, మీ పేరు, మీ భర్త పేరుతో ఉండవచ్చు. పుట్టిన తేదీ, మీ పేరు చెప్పి అక్కడి రిజిస్ట్రారు దగ్గర వెతికించండి. దొరికితే పేరు చేర్పించుకోవడం చిన్న పని.

ఒకవేళ నిజంగానే రిజిస్టరు కాలేదనుకుందాం. ఏడాది దాటింది కాబట్టి ఆర్డీఓ స్థాయి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 సవరణకు ముందు దీనికి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ తిప్పలు తగ్గాయి. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. జననం ఎక్కడ జరిగిందో అక్కడే రిజిస్టరు కావాలి. కోసిగిలో ఇంట్లో పుట్టాడని రాయిస్తే పల్నాడులో ఒకటి, ఇక్కడ ఒకటి, రెండు పుట్టుకలవుతాయి. పైగా 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం నుంచి ఆధార్ దాకా పుట్టిన తేదీకి, స్థలానికి ఈ సర్టిఫికెట్ ఒక్కటే రుజువు. మీ బాబు 2024 ఫిబ్రవరి. అక్క టీసీ కోసం పడిన కష్టం కంటే ఇది పెద్దదవుతుంది, ఇప్పుడు సరిగ్గా చేయకపోతే. బడిలో వయసు రుజువు లేదని చేర్చుకోకపోవడం చట్టవిరుద్ధమే. అయినా దాని మీద ఆధారపడి ఊరుకోకండి.

కాన్పు రికార్డుకు గడువు ఉంది. ఇన్‌పేషెంటు రికార్డును చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి అని డాక్టర్లకు వర్తించే 2002 నాటి నియమావళి చెబుతోంది. మీ లెక్కలో అది 2027 ఫిబ్రవరి. అది దాటితే కేసు షీటు దొరక్కపోవచ్చు. డిశ్చార్జి కార్డు మీ దగ్గర లేకపోతే ఇప్పుడే రాసి అడగండి.

టీకాల కార్డు ఫొటో మీ తమ్ముడు పంపాడు. మేస్త్రి ఎప్పుడో వాట్సాప్‌లో పెట్టినదట. పెంటావాలెంట్ టీకా మూడు గడుల్లోనూ తేదీలు కనిపిస్తున్నాయి, ఆరు, పది, పద్నాలుగు వారాలవి. తట్టు, రుబెల్లాకు వేసే ఎంఆర్ టీకా మొదటి డోసు గడి మీద కార్డు పట్టుకున్న బొటనవేలు అడ్డం పడింది. కార్డు పై అంచున ఫోన్ నంబరు ఉంది. ఉత్తరంలో మీరు ఇచ్చిన నంబరు అది కాదు. మేస్త్రిదేనా? అయితే ఏఎన్ఎంకు మీ నంబరు మీద ఎందుకు కనిపించలేదో ఇప్పుడు అర్థమవుతుంది. ప్రభుత్వ టీకాల పోర్టల్ యూవిన్‌లో రికార్డు మొబైల్ నంబరుతోనే తెరుచుకుంటుంది. ఆ రోజు ఆసుపత్రిలో మీ దగ్గర ఫోన్ లేదని మేస్త్రి నంబరు రాయించి ఉంటారు. మీ బిడ్డ టీకాల చరిత్ర ఇప్పుడు అతని ఓటీపీ చేతిలో ఉంది.

ఈ ఫొటోను ప్రింటు తీయించి ఏఎన్ఎం దగ్గరికి తీసుకెళ్లండి. పాత నంబరు, మీ పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి పేరు చెబితే వెతికే వీలుంటుంది. దొరికాక మీ నంబరుకు మార్పించండి. ఎంఆర్ పడిందో లేదో తేలకపోతే ఏం చేయాలో పీహెచ్‌సీ డాక్టరు చెబుతారు, అది వకీలు చెప్పే మాట కాదు. కానీ రికార్డు దొరికేదాకా టీకా ఆపి కూర్చోవద్దు. వలస పిల్లల్లో అలా ఆగిపోయినవాళ్లను చూశాను.

మేస్త్రి కార్డు ఎందుకు పట్టుకున్నాడో మీరు రాయలేదు. మర్చిపోయి ఉంటే మనిషిని పంపి తెప్పించుకోండి. అడ్వాన్సు బాకీ తీరలేదని, వచ్చే సీజనుకు మళ్లీ రావాలని పట్టుకుని ఉంటే మాత్రం సంగతి మారిపోతుంది. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద ఆర్డీఓకు ఫిర్యాదు చేయవచ్చు. ఆ మాట నిజమైతే నాకు మళ్లీ రాయండి, అడ్వాన్సు ఎంత, ఎప్పుడు, ఎవరి ఎదుట ఇచ్చాడో సహా. ఇకపై పిల్లల ఆధార్, పెన్ నంబరు, కార్డులు మేస్త్రి వాట్సాప్‌కు పంపకండి. బడిలో అపార్ ఐడీ (విద్యార్థి గుర్తింపు సంఖ్య) కోసం సంతకం అడిగితే అది మీ సమ్మతితో జరిగే పని. ఏం రాశారో తమ్ముడితో చదివించుకుని, అందులో మీ ఫోన్ నంబరే ఉందని చూసుకుని సంతకం పెట్టండి.

వచ్చే డిసెంబరుకు ఇప్పటి నుంచే ఆలోచించండి. మీ మండలాల్లో వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుస్తుంటాయి. ఈసారి మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉందేమో సెప్టెంబరులోనే ఎంఈఓ ఆఫీసులో అడగండి. ఉంటే పాపను అక్కడ ఉంచడమే మేలు. లేకపోతే, వెళ్లే పది రోజుల ముందు టీసీకి దరఖాస్తు రాసి ఇవ్వండి, ఆన్‌లైన్‌లో పేరు వదలమని అందులోనే రాయండి. అక్కడి బడిలో చేర్చుకోమంటూ కూడా దరఖాస్తే, ముద్రతో. ఏప్రిల్‌లో తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అదే పని. ప్రోగ్రెస్ కార్డు, పెన్ నంబరు రాసిన చీటీ, టీకాల కార్డు మూడూ ఒక ప్లాస్టిక్ కవరులో మీ బట్టల మూటలోనే ఉండాలి.

ఇదంతా మీ ఒక్కరి వల్ల కాదనిపిస్తే మండల న్యాయ సేవాధికార కమిటీకి వెళ్లండి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. పాపను ఏడో తరగతి గదిలోకి రానివ్వకపోతే ఆ రోజే 1098కు చెప్పండి. దరఖాస్తు ఇచ్చిన తర్వాత ముద్ర పడిన కాపీ ఫొటో నాకు పంపండి. ఆ తేదీ నుంచి సెక్షన్ 32 ఫిర్యాదు ఎప్పుడు వేయాలో నేను చెబుతాను.